నవనీత చెక్కించిన బొమ్మ

ఆదివారం పేపరులో ఏసురత్నం ఫొటో పడింది. దాని పక్కనే అతను అచ్చువేసిన బొమ్మ, ఫొటో కన్నా పెద్దగా. నవనీత ఆ అర పేజీని మొదటినుంచి చివరిదాకా చదివి, మళ్లీ మొదటికి వచ్చి, తన పేరు ఎక్కడైనా ఉందేమోనని వేలు పెట్టి వెతికింది. లేదు. ‘ఈ జపాను పద్ధతి నాకు ఒక అక్క నేర్పింది’ అని మాత్రం ఉంది.

ఒక అక్కట. వనపర్తిలో తను అద్దెకున్న ఇంటి ముందుగదిని వాడికి అప్పజెప్పి, ఉలి ఎట్లా పట్టుకోవాలో వేళ్లు పట్టి నేర్పి, మధ్యాహ్నం పూట అన్నం పెట్టిన మనిషి ఒక అక్క. దారిన పోతుంటే మంచినీళ్లిచ్చిన వాళ్లను చెప్పుకున్నట్టు చెప్పాడు. ఆమెకు ఒళ్లు మండింది. పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది. కాసేపయ్యాక తీసి మళ్లీ చదివింది.

నవనీత గద్వాలలో మగ్గం నేసే కిష్టయ్య కూతురు. హైదరాబాదులో బొమ్మలు వేయడం చదువుకుని, వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరుగా కుదిరింది. చదువుకునే రోజుల్లో జపాను నుంచి వచ్చిన ఒక పెద్దావిడ దగ్గర అక్కడి చెక్క అచ్చు పని నేర్చుకుంది. మొకుహంగ అంటారు దాన్ని. బొమ్మను చెక్క మీద చెక్కి, నీళ్ల రంగులో కాస్త గంజి కలిపి కుంచెతో రాసి, తడి కాగితం పరిచి, అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్లతో పైనుంచి రుద్దుతారు. ప్రెస్సు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఒక్కో రంగుకు ఒక్కో చెక్క. గంజి దగ్గర అందరూ తడబడుతుంటే పెద్దావిడ నవనీతను మెచ్చుకుంది. పడుగుకు గంజి పట్టే ఇంట్లో పుట్టిన పిల్లకు అది ఎంత పలచన ఉండాలో ఎవరూ చెప్పనక్కర్లేదు కదా. ఇటు గద్వాల నుంచి అటు నాగర్‌కర్నూల్ దాకా ఈ పని తెలిసింది నాకొక్కదానికే అని ఆమెకు లోలోపల గర్వం ఉండేది. పైకి ఎవరితోనూ అనేది కాదు. అనకపోయినా జనం కనిపెట్టాలి కదా అని మాత్రం ఉండేది.

కనిపెట్టింది ఏసురత్నం ఒక్కడే. పాన్‌గల్ కుర్రాడు. గోడల మీద పార్టీల నినాదాలు, బండ్ల మీద నంబర్లు రాసుకుని బతికేవాడు. బడి గోడకు బొమ్మలు వేయడానికి వచ్చి, ఆమె బల్ల మీది అచ్చు చూసి అక్కడే నిలబడిపోయాడు. “అక్కా, నాకు జర నేర్పవా” అన్నాడు. శిష్యుడంటూ ఒకడుంటే బాగానే ఉంటుందని ఆమెకూ అనిపించింది. శిష్యుడు శిష్యుడిలా ఉంటాడనుకుందే తప్ప, ఇట్లా నెత్తికెక్కుతాడని ఎవరనుకుంటారు?

పేపరులో పడ్డ బొమ్మ పేరు ‘ఓట్ల బస్సు’. ఎన్నికలప్పుడు బొంబాయి వలసపోయిన కూలీల కోసం నాయకులు బస్సులు పంపుతారు. ఓటు పడేదాకా బిర్యానీ, మర్యాద. ఓటు పడ్డ మర్నాడు బస్సు ఉండదు, ఎవరి దారి వాళ్లదే. ఏసురత్నం బొమ్మలో ఒక పక్క బస్సు నిండా జనం నవ్వుతూ వస్తుంటారు, ఇంకో పక్క అదే జనం మూటలతో రోడ్డు పట్టుకుని నడిచిపోతుంటారు. అంతా బూడిద రంగే. ఒక్క వేళ్లకు మాత్రం, ప్రతి మనిషి ఎడమ చేతి వేలికీ, ఓటు సిరా ఊదారంగు. ఆ ఊదారంగు కలపడం ఎవరు నేర్పారు? ఒక అక్క.

నడిచిపోయే వాళ్లలో ముందున్న ఆడమనిషి ఏసురత్నం తల్లి సారమ్మ. పేపరు వచ్చిన వారంలోనే ఆమె కొడుకు వెంట నవనీత ఇంటికొచ్చింది, డబ్బా నిండా సజ్జరొట్టెలు పట్టుకుని.

“నా బొమ్మేసిండని ఊరంత నవ్వుతున్నరు నన్ను చూసి. నేను నడిచినప్పుడు ఎవరన్న చూసిండ్రా? గిప్పుడు చూస్తున్నరు” అంది సారమ్మ, తనూ నవ్వుతూ.

నవనీత కూడా నవ్వింది. నవ్వుతూనే మనసులో ఒక మాట అనుకుంది, అది బయటికి చెప్పుకునే మాట కాదు. వీడికేమి, కష్టం ఇంట్లోనే ఉంది, తీసి గీసుకుంటే చాలు అనుకుంది. మా నాయన జీవితమంతా నీడలో కూర్చుని నేశాడు, నాకేం మిగిల్చాడు అనుకుంది. మనిషన్నవాడు ఇంకొకరి ఇల్లు చూసి కుళ్లుకుంటాడు, నగ చూసి కుళ్లుకుంటాడు. నవనీత ఒక ముసలామె నడిచిన నడక చూసి కుళ్లుకుంది. అది ఎంత నీచమో ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గితే ఇంకేం. సారమ్మ రొట్టె కొసరి పెడుతుంటే కాదనకుండా తిన్నది.

ఇంతలో హైదరాబాదు నుంచి స్రవంతి ఫోను చేసింది. ఆమెది అక్కడ ఒక గ్యాలరీ. ఈ జపాను పద్ధతిలో రాజకీయం బొమ్మలు వేసేవాళ్లను దేశమంతా వెతికి ఒకచోట చూపెడుతోంది. అస్సాం నుంచి ఒకరు, కేరళ నుంచి ఒకరు, ఇట్లా ఒక్కో వైపు నుంచి ఒక్కరికే చోటు. తర్వాత ఆ బొమ్మలన్నీ జపాను కూడా పోతాయి.

“మీ వైపు నుంచి ఏసురత్నం బస్సు ఎలాగూ ఉంది. మీ పేరు ఆయనే చెప్పారు. మీదీ ఒకటి పంపండి మేడం, చూస్తాం” అంది స్రవంతి.

మీదీ అంది. గుడిలో పులిహోర మిగిలితే గిన్నె పట్టుకుని నిలబడ్డ వాళ్లకు చెప్పినట్టు, మీదీ. పైగా పేరు చెప్పింది వాడట. ఏసురత్నం దయతో ఆమె పోటీకి నిలబడాలన్నమాట. ఆ చోటు ఎట్లాగైనా తనదే కావాలని నవనీత ఆ క్షణాన నిశ్చయం చేసుకుంది. జపాను కోసం కాదు, పేరు కోసం కూడా కాదు. వాడికి దక్కకూడదు, అంతే.

కుళ్లులోంచి మంచి పని పుట్టదని ఎవరైనా అంటే నమ్మకండి. నవనీతకు జీవితంలోకెల్లా మంచి ఆలోచన ఆ వారమే వచ్చింది. అంతకు ముందే గద్వాలలో చేనేత సభ జరిగింది. వేదిక మీద పెద్దలు, వాళ్ల భుజాల మీద శాలువాలు. నేతగాడని కిష్టయ్యను కూడా పిలిచి ఒక శాలువా కప్పారు. ఇంటికొచ్చి ఆయన దాన్ని తిప్పి చూసి, “మిషన్‌దే” అని నవ్వి మడిచి పెట్టాడు. నవనీత అదే గీసింది. ఒక మూల మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడు. మగ్గం మీద ఇంకా కోయని చీర. ఆ చీర మగ్గంలోంచి పొడుగ్గా సాగి, మెట్లెక్కి, వేదిక మీద తివాచీ అయింది. దాని మీద పెద్దల చెప్పులు, వాళ్ల భుజాల మీద మిల్లు ముద్ర కనిపించే మిషన్ శాలువాలు. నేతగాడు నేస్తూనే ఉంటాడు, వాళ్లు తొక్కుతూనే ఉంటారు. చీర అంచు పొడుగునా గద్వాల కోటకొమ్మ, అంటే గుడి శిఖరాల్లాంటి చిన్న చిన్న మొనల వరస.

గీసిన కాగితాన్ని ఏసురత్నానికి చూపించింది. అతను నిలబడి చాలాసేపు చూశాడు. “బాగుందక్కా” అన్నాడు. అంతే. అన్నం తిని పొమ్మంటే పనుందని వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాటతో సరిపెట్టిన పిసినారితనానికి నవనీతకు కడుపు రగిలింది. వాడి బస్సు చూసినప్పుడు తను ఎన్ని మాటలు పొగిడిందో ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది.

ఇక చెక్కాలి. రంగుల చెక్కలు సులువుగానే అయ్యాయి. గీతల చెక్క దగ్గర వచ్చింది చిక్కు. ఈ పనిలో గీత చుట్టూ ఉన్న చెక్కంతా తీసేసి గీతను నిలపాలి. అంచులో కోటకొమ్మ వందల మొనలు, ఒక్కొక్కటి గోరంత లేదు. ఒక సాయంత్రం కూర్చుంటే జానెడు తెగలేదు. పైగా రెండు మొనలు ఊడిపోయాయి. అప్పుడే స్రవంతి దగ్గరినుంచి మెసేజీ: ఏసురత్నం గారి అచ్చులు అందాయి, మీవి ఎప్పుడు? నవనీత ఉలి బల్ల మీద పడేసింది.

పెబ్బేరు రోడ్డులో ఉదయ్ కిరణ్ అనే అతని దుకాణం ఉంది. తలుపుల మీద లక్ష్మీదేవిని, వెంకటేశ్వరస్వామిని చెక్కే సీఎన్‌సీ మిషన్ అతనిది. ఫోనులో బొమ్మ పంపితే చాలు, అది తిరుగుతూ చెక్కేస్తుంది.

“దేవుడు కాదు కదా మేడం ఇది. ఏం బొమ్మ?” అన్నాడతను.

“బడిల పిల్లలకు చూపెట్టనీకె” అంది నవనీత.

అతను టీ తెప్పించాడు. ఆమె తాగి లేచేసరికి చెక్క సగం అయింది. మిషన్ బట్టను తిడుతూ బొమ్మ గీసి, ఆ బొమ్మను మిషన్‌తో చెక్కిస్తున్నానన్న సంగతి ఆమెకు తట్టలేదంటే అబద్ధం. తట్టింది. అచ్చు పడేది కాగితం మీద, చెక్కను ఎవరు చూస్తారని సర్దుకుంది. ఇంటికొచ్చి తన చేత్తో రంగు కలిపి, తన చేత్తో రుద్ది అచ్చులు తీసి పంపింది. దూరం నుంచి చూస్తే దివ్యంగా ఉన్నాయి.

పది రోజులు తిరక్కుండా స్రవంతి ఫోను. “మేడం, మీ తివాచీ తీసుకుంటున్నాం. బస్సు కన్నా ఇదే బలంగా ఉందని అందరూ అన్నారు.” నవనీతకు చెవుల్లో అమృతం పోసినట్టుంది. బస్సు కన్నా అన్న మాటను ఇంకోసారి చెప్పించుకోవాలని ఎంతో ఉబలాటపడింది. స్రవంతి ఆగకుండా చెప్పుకుపోయింది. “ఇంకొకటి మేడం. అచ్చుల పక్కనే చెక్కలు కూడా పెడుతున్నాం, అందరివీ. చేతి పని జనం తాకి చూడాలి కదా. మీవి కూడా పంపండి.”

నవనీత చూపు గోడకు ఆనించిన మిషన్ చెక్క మీదికి పోయింది. “అట్లనే” అని మాత్రం అనగలిగింది.

మరునాడు ఏసురత్నం వచ్చాడు, మిఠాయి పొట్లంతో. ఓడిపోయినవాడు మిఠాయి తేవడం కూడా ఆమెకు ఓర్వలేని విషయమే. ముఖం మాడ్చుకుని వస్తే ఎంత బాగుండేది. ఆమె నీళ్లు తెచ్చేలోపు అతను గోడకు ఆనించిన చెక్కను తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బొటనవేలు అంచు పొడుగునా నడిపాడు. ఒకచోట ఆగాడు. మళ్లీ నడిపాడు.

“మొనలు మొద్దుగున్నయక్కా” అన్నాడు నెమ్మదిగా.

నిజమే. మిషన్ ముల్లు గుండ్రంగా తిరుగుతుంది, మూలల్లోకి పోలేదు. కోటకొమ్మ మొనలన్నీ కాస్త కాస్త గుండ్రమయ్యాయి. గద్వాల మగ్గం కింద ఆడుకున్న పిల్ల, కోటకొమ్మ మొన తేలకపోతే షావుకారు చీర వెనక్కి కొడతాడని తెలిసిన పిల్ల, తన బొమ్మలోనే అది చూసుకోలేదు. గెలవాలన్న తొందర కళ్లకు అడ్డం పడింది.

అతను ఏమీ అడగలేదు. మిషనా అనలేదు, ఎవరితోనైనా చెప్తాననలేదు. చెక్కను జాగ్రత్తగా గోడకు ఆనించి, “గీసిన కాగితం ఉంటె ఇయ్యి. నేను చెక్కుకొస్త. కొత్తగ అచ్చులు తీసి పంపుదువు” అన్నాడు. నవనీత వద్దనాలి. కాగితం చుట్టి చేతిలో పెట్టింది.

వారం లోపలే తువ్వాలులో చుట్టి చెక్క తెచ్చాడు. బల్ల మీద పెట్టి, చాయ్ కూడా తాగకుండా వెళ్లాడు. నవనీత తువ్వాలు విప్పింది. ప్రతి మొన సూదిలాగా ఉంది. అది సరే, నేతగాడి వీపు మీద ఆమె గీసింది ఒక మామూలు గీత. అతను దాన్ని చెక్కేటప్పుడు ఒకచోట కాస్త సన్నం చేసి, ఒకచోట కాస్త లావు చేశాడు. ఆ వీపుకు అలుపు వచ్చింది. కిష్టయ్య వీపది. కన్న కూతురు గీయలేనిది, ఆయన్ను ఒక్కసారో రెండుసార్లో చూసిన వాడు ఎట్లా పట్టాడు?

ఆమె ఆ చెక్క ముందు కూర్చుని ఏడ్చింది. కృతజ్ఞతతో ఏడ్చిందని రాస్తే వినసొంపుగా ఉంటుంది. కానీ అది ఓర్వలేక వచ్చిన ఏడుపు. ఈ చెక్క పంపితే తన గుట్టు దాగుతుంది, తన పేరు నిలుస్తుంది, జపాను దాకా పోతుంది. పోయిన ప్రతిచోటా జనం వేలితో తాకి ఏం చెక్కావమ్మా అంటారు. అన్నప్పుడల్లా ఆమెకు ఏసురత్నం గుర్తొస్తాడు. బతికినన్నాళ్లు వాడి మంచితనం కింద బతకాలి. పట్టుబడి పరువు పోవడం దీనికన్నా నయం.

స్రవంతికి ఫోను చేసింది. “ఆ గీతల చెక్క నేను చెక్కలేదమ్మా. వనపర్తిల తలుపులు చెక్కే మిషన్‌తోని చెక్కిచ్చిన. నా బొమ్మ తీసెయ్యండి” అంది.

“మిషన్ బట్ట మీద బొమ్మ వేసి, మిషన్‌తో చెక్కించారా మేడం?” అని మాత్రం అడిగింది స్రవంతి. నవనీతకు ఆ ఒక్క ప్రశ్న చెంపదెబ్బలా తగిలింది. అవును అంది. స్రవంతి నిట్టూర్చి, చెప్పినందుకు సంతోషమని, ఇక బస్సునే పెట్టుకుంటామని చెప్పి పెట్టేసింది.

తర్వాత వింత జరిగింది. సంగతి ఎట్లా పాకిందో పాకింది. ఈ రోజుల్లో ఇంత నిజాయితీ ఎవరికుందని బడిలో తోటి టీచర్లు మెచ్చుకున్నారు. పిల్లల ముందు రెండు మాటలు చెప్పమన్నారు కూడా. నవనీత తలనొప్పని తప్పించుకుంది. గద్వాల నుంచి కిష్టయ్య ఫోను చేసి, “మంచి పని చేసినవు బిడ్డా” అన్నాడు. ఆమె ఊఁ కొట్టి పెట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఏసురత్నం వచ్చాడు. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు.

“ఎందుకు గట్ల చేసినవక్కా. నేను చెక్కి ఇచ్చిన కద. నా కోసమని నీ చోటు ఇడిసిపెట్టినవా?”

ఆ కళ్లనీళ్లు చూసేసరికి ఆమె ఓపిక చచ్చిపోయింది. “నీ కోసం కాదు. నాకు గంత మంచితనం లేదు” అంది. “నీ చెయ్యి పడ్డ చెక్కను నాదని చెప్పుకోని తిరుగుడు నాతోని కాదు. పేపర్ల నీ బస్సు పడ్డ దినంనుంచి నిన్ను చూస్తె నాకు కడుపుమంట. మీ అమ్మ రొట్టెలు తెచ్చిన దినం కూడ మండింది. నువ్వు మిఠాయి తెచ్చిన దినం ఇంక ఎక్కువ మండింది. చాలా?”

ఏసురత్నం కదల్లేదు. మొహం తుడుచుకున్నాడు. వెళ్లిపోతాడనుకుంది. అతను చెప్పులు విడిచి లోపలికొచ్చి, కింద చాప మీద కూర్చున్నాడు.

“నేను మంచితనంతోని చెక్కిననుకుంటున్నవా?” అన్నాడు.

నవనీత అతని వైపు తిరిగింది.

“నేను జరిగిందే గీస్తనక్కా. మా అమ్మ నడిచింది, గీసిన. బస్సు వచ్చింది, గీసిన. కండ్లతోని చూడనిది నాకు రాదు. నువ్వు మగ్గం మీది చీరను గుంజి తివాచీ చేసినవు. గసుంటిది నాకు ఈ జన్మల తట్టదు. ఆ కాగితం చూసినంక ఇంటికి పోయి మా అమ్మ మీద ఊకెనే ఒర్లిన. రెండు దినాలు ఉలి ముట్టలేదు. చెక్క మిషన్‌దని తెలిసినప్పుడు లోపల ఖుష్ అయిన. నేను చెక్కితె అండ్ల సగం నాదైతదనుకున్న. నువ్వు కాగితం ఇయ్యవేమోనని భయపడ్డ గూడ.”

అతను తల వంచుకున్నాడు. బయట ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది పట్టుకోవడం లేదు. నవనీతకు జాలి కలగాలి. ఇద్దరం ఇద్దరమే అని సిగ్గైనా కలగాలి. ఆమెకు కలిగింది సంతోషం. పేపరు పడ్డనాటినుంచి గుండెల మీద ఉన్న బండ ఎవరో ఎత్తి అవతల పారేసినట్టు, పట్టరాని సంతోషం. జపాను పోయింది, పేరు పోయింది, పరువు కూడా కాస్త పోయింది. అయినా వాడు రెండు రోజులు ఉలి ముట్టలేదట.

ఆమె కుర్చీ లాగి అతని ఎదురుగా వేసుకుని కూర్చుంది.

“తివాచీ చేసినవు అన్నవు సూడు, గాడినుంచి మళ్ల చెప్పు” అంది. “జర నిమ్మలంగ.”

ఏసురత్నం ముఖం మాడ్చుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఆమె ఒక్క మాట కూడా పోనివ్వకుండా విన్నది.